ఎక్కడిదీ కాసు?

నరసాపురం, పాలకొల్లు, భీమవరం, అమలాపురం వైపు ఇళ్ళల్లో కొన్నేళ్ళుగా ఒక కొత్త వస్తువు కనిపిస్తోంది. యెరూషలేము యాత్రకు వెళ్ళొచ్చినవాళ్ళు ఒలీవ చెక్క సిలువ, యొర్దాను నీళ్ళ సీసా తెచ్చుకుంటారు. వాటితోపాటు చిన్న ప్లాస్టిక్ డబ్బీలో ఒక నల్లటి లోహపు బిళ్ళ కూడా తెస్తారు. లోపలి కాగితం మీద అది పేద విధవరాలి కాసు అని రాసి ఉంటుంది. వృద్ధుల సేవ చేసే పనికని ఇజ్రాయెల్ వెళ్ళిన మన ఆడపిల్లలు కొందరు ఊరొచ్చినప్పుడు ఇలాంటివే తెచ్చి అమ్మ చేతిలో పెడుతుంటారు. అది షోకేసులో బైబిలు పక్కన చేరుతుంది.

డెల్టాకీ ఆ కాసు కథకీ చుట్టరికం పాతదే. 1830ల చివర్లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ ఇంగ్లండు నుంచి కుటుంబాలతో వచ్చి నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో గోదావరి డెల్టా మిషన్‌కి పునాది వేశారు. అప్పట్నుంచీ మార్కు సువార్త 12వ అధ్యాయంలోని ఆ విధవరాలి సంగతి ఇక్కడి పేటల్లో వినబడుతూనే ఉంది. ధనవంతులు కానుకపెట్టెలో విస్తారంగా వేస్తుంటే, ఆమె తన జీవనమంతా అయిన రెండు కాసులు వేసింది. ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి దేవుడి డబ్బాలో దాచే మన ఆడవాళ్ళకి ఆమె పరాయిది కాదు. అందుకే ఆ బిళ్ళను అరచేతిలో పెట్టుకున్నప్పుడు వాళ్ళ ముఖాల్లో కనిపించేదాన్ని నేను చాలా గౌరవిస్తాను. నాణేల గురించి నాకు తెలిసినదంతా ఆ గౌరవం తర్వాతే.

మా మేనత్త కూడా ఒకటి తెచ్చుకుంది. యాత్ర నుంచి వచ్చిన వారానికి నన్ను పిలిచి, కొంగుకి తుడిచి చేతిలో పెట్టింది.

"ఎంత చేస్తాదిరా అబ్బాయ్ ఇది?"

"ఎక్కడ కొన్నావు అత్తయ్యా? కాగితం ఏమైనా ఇచ్చాడా?"

"కాగితం ఎందుకురా? కాసు చూడు."

కొత్తగా నాణేలు పోగుచేసేవాళ్ళందరూ అడిగేది మా అత్తయ్య అడిగిందే. ఎంత? దానికి జవాబు చెప్పాలంటే ముందు ఇది ఏమిటి అని తెలియాలి. ఏమిటో తెలిశాక ఇంకో ప్రశ్న మిగులుతుంది: ఇది ఎక్కడిది? నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఆ చివరిదే. పుస్తకాలూ బేరాలూ దాన్ని వెనక్కి నెట్టేస్తాయి గనక ఇంత దూరం రాస్తున్నాను.

ముందు ఏమిటో చూద్దాం. కంసాలి కాటా మీద పెట్టి తూచాలి, స్కేలు పెట్టి అడ్డం కొలవాలి. ఆ తర్వాత భూతద్దం పట్టుకుని, వెలుతురు పక్కనుంచి పడేలా కిటికీ దగ్గర కూర్చోవాలి. నడినెత్తి మీద వెలుతురుంటే అరిగిన గీతలు కనబడవు. చింతపండు, నిమ్మకాయ పెట్టి తోమడం మాత్రం చెయ్యకూడదు. రెండు వేల ఏళ్ళుగా కట్టిన చిలుమే దాని చర్మం. అది పోతే అక్షరాలూ పోతాయి, నమ్మకమూ పోతుంది. అత్తయ్య కాసు ఒక గ్రాము పైచిలుకు తూగింది. వెడల్పు సెంటీమీటరున్నర లోపే. ఒక వైపు చక్రంలాంటి గుండ్రంలో ఎనిమిది కిరణాల చుక్క. రెండో వైపు లంగరు, దాని చుట్టూ అరిగిపోయిన గ్రీకు అక్షరాలు.

ఇది అలెగ్జాండర్ యన్నాయిది. క్రీ.పూ. 103 నుంచి 76 వరకు యూదయను ఏలిన హస్మోనీయ రాజు, ప్రధాన యాజకుడు కూడా. చుక్క చుట్టూ ఉన్న గుండ్రం రాజచిహ్నమైన తలపాగా పట్టీ. బాగా మిగిలిన నాణెమైతే కిరణాల మధ్య పాత హీబ్రూ లిపిలో ‘యెహోనాతాను రాజు’ అని ఒక్కో అక్షరం కనబడుతుంది. లంగరు వైపు గ్రీకులో ‘అలెగ్జాండర్ రాజుది’ అని ఉంటుంది. ఒకే మనిషికి రెండు పేర్లు, రెండు లిపులు. దేవాలయానికి వచ్చే జనానికి ఒకటి, రేవుల్లో వర్తకం చేసే జనానికి ఇంకొకటి. ఆ కాలపు రాజులు నాణేల మీద తమ ముఖాలు చెక్కించుకుంటుంటే ఈ రాజులు మనిషి బొమ్మ పెట్టలేదు, జంతువు బొమ్మా పెట్టలేదు. చెక్కిన ప్రతిమ కూడదన్న ఆజ్ఞ రాగిబిళ్ళ దాకా దిగింది.

తయారీ తెలిస్తే గుర్తుపట్టడం తేలికవుతుంది. మెత్తటి సుద్దరాయి పలకలో వరసగా గుంటలు తొలిచి, వాటిని సన్నటి కాలవలతో కలిపేవారు. మన గుంటపొంగనాల పెనానికి గుంటకీ గుంటకీ మధ్య గాడి పెడితే ఎలా ఉంటుందో అలాగ. కరిగిన కంచు పోస్తే బిళ్ళలు దండలాగా వచ్చేవి. వాటిని రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టి, తర్వాత విడగొట్టేవారు. అందుకే చాలా కాసులకు అంచున ఒకటి రెండు చోట్ల తెగిన మొండి కనిపిస్తుంది. బొమ్మ ఒక పక్కకి జరిగిపోయి సగమే పడి ఉంటుంది. ఇవన్నీ మంచి లక్షణాలే. అంచు చుట్టూ సన్నగా అతుకు గీత, ఉపరితలం మీద బుడగల గుంటలు, సబ్బు రాసినట్టు మొద్దుబారిన అక్షరాలు ఉన్నాయంటే అనుమానించాలి. అది అసలు కాసును అచ్చు తీసుకుని పోతపోసిన నకలు కావచ్చు. ఒకే దుకాణంలో అచ్చంగా ఒకే చోట చీలిన రెండు కాసులు దొరికితే అనుమానం కూడా అక్కర్లేదు.

ఇక ఎంత? ఇలా అరిగిన యన్నాయి కాసు ప్రపంచ మార్కెట్లో రెండు మూడు వేల రూపాయలకు దొరుకుతుంది. బొమ్మ స్పష్టంగా, అక్షరాలు నిండుగా ఉంటే ఇంకొంచెం. అత్తయ్య చిన్నబుచ్చుకుంది. నాకు మాత్రం అందులో గొప్ప న్యాయం కనిపించింది. ఆయన ఇలాంటివి లెక్కలేనన్ని కొట్టించాడు. ఆయన పోయాక కూడా వంద ఏళ్ళకు పైగా అవి చేతులు మారుతూనే ఉన్నాయి, యేసు కాలంలోనూ చలామణిలో ఉన్నాయి. ఆ విధవరాలు వేసిన కాసులు ఫలానావే అని ఎవరూ చెప్పలేరు. అలాంటి చేతుల్లో ఉండేవి ఇలాంటివే అని మాత్రం చెప్పొచ్చు. బీదవాళ్ళ డబ్బు గనకే చవక, చవక గనకే మన పాలకొల్లు దాకా రాగలిగింది.

అరుదైనవాటి సంగతి వేరు. యూదుల నాణేల్లో అరుదుతనానికి ప్రతిసారీ ఒక చరిత్ర కారణం ఉంటుంది. దాన్ని పట్టుకుంటే ధరల పట్టిక కంఠస్థం చెయ్యక్కర్లేదు. హస్మోనీయుల చివరి రాజు మత్తతీయ అంతిగోను మూడేళ్ళే ఏలాడు, క్రీ.పూ. 40 నుంచి 37 వరకు. రోమనుల అండతో హేరోదు యెరూషలేమును ముట్టడించాడు. అంతిగోను వేయించిన ఒక చిన్న కాసు మీద దేవాలయంలోని ఏడు కొమ్మల దీపవృక్షం ఉంది. శత్రువు గుమ్మంలో ఉండగా రాజు జనానికి చూపించిన గుర్తు అది. అలాంటివి చాలా కొద్దిగానే మిగిలాయి.

దీనికన్నా నన్ను ఎక్కువ కదిలించేవి తిరుగుబాటు షెకెళ్ళు. క్రీ.శ. 66లో యూదులు రోము మీద తిరగబడ్డారు. అప్పటిదాకా దేవాలయపు పన్ను కట్టడానికి తూరు పట్టణపు వెండి షెకెలే గతి. దాని మీద అన్యదేవత తల, గద్ద ఉన్నా వెండి మేలైనది గనక యాజకులు అదే తీసుకునేవారు. తిరగబడ్డ ఏడాదే సొంత వెండి నాణెం కొట్టించారు. బరువు 14 గ్రాములు. ఒక వైపు పాత్ర, దాని మీద ఏ సంవత్సరమో చెప్పే అక్షరం, చుట్టూ ‘ఇశ్రాయేలు షెకెలు’. రెండో వైపు ఒకే కాడకు మూడు దానిమ్మ మొగ్గలు, చుట్టూ ‘పరిశుద్ధ యెరూషలేము’. రెండో ఏడు, మూడో ఏడు షెకెళ్ళు బాగానే దొరుకుతాయి. నాలుగో ఏటివి పలచబడతాయి. అయిదో ఏడు క్రీ.శ. 70 వసంతంలో మొదలైంది. అప్పుడే రోము సేనాని తీతు సైన్యం నగరాన్ని చుట్టుముట్టింది. ఆగస్టులో దేవాలయం కాలిపోయింది. టంకశాల పనిచేసింది నాలుగైదు నెలలే. అయిదో ఏటి షెకెలు ఎందుకంత అపురూపమో ఎవరూ వేరే చెప్పక్కర్లేదు. ఆకలితో చస్తున్న ఊళ్ళో ఎవరో కూర్చుని అంత మంచి వెండి మీద అంత శ్రద్ధగా అచ్చు వేశారన్న సంగతి నాకు మనసులోంచి పోదు.

అదే యుద్ధపు కంచు కాసులు చూడండి. రెండో ఏటి వాటి మీద ‘సీయోను స్వాతంత్ర్యం’ అని ఉంటుంది. నాలుగో ఏటికి వచ్చేసరికి ‘సీయోను విమోచన కొరకు’ అని మారింది. మొదట తాము సాధించుకున్నది చెప్పారు, తర్వాత పైవాడు ఇవ్వాల్సింది అడిగారు. రెండో ఏటి కంచు కాసు ఇప్పటికీ మధ్యతరగతివాళ్ళు కొనగలిగే ధరలో ఉంటుంది. షెకెళ్ళకు లక్షలు కావాలి. 2012లో న్యూయార్కు వేలంలో మొదటి ఏటి తొలి నమూనా షెకెలు ఒకటి 11 లక్షల డాలర్లకు పైగా పలికింది. కొత్తవాళ్ళు ఆ వార్త చదివి, తమ చేతిలో ఉన్నదీ అదేనేమో అని ఆశపడతారు. కానీ జర్మనీలోని గోర్లిట్జ్ ఊరి పేరుతో పిలిచే నకిలీ షెకెళ్ళు కొన్ని వందల ఏళ్ళుగా యాత్రికుల చేతుల్లో తిరుగుతున్నాయి. వాటి మీద పొగలు కక్కే ధూపపాత్ర, ఆకుల కొమ్మ ఉంటాయి. హీబ్రూ అక్షరాలు ఇప్పుడు పుస్తకాల్లో కనిపించే చదరపు అక్షరాలు. అసలు షెకెలు మీద అలాంటి పాత్ర లేదు, ఆ లిపీ లేదు. ఈ ఒక్క తేడా గుర్తుంచుకుంటే ఎంతో డబ్బు మిగులుతుంది. యూదుల నాణేల మీద డేవిడ్ హెండిన్, యాకోవ్ మెషోరర్ రాసిన పుస్తకాల్లో బొమ్మలు చూసుకుంటూ నాలుగు నెలలు ఏమీ కొనకుండా గడపడం ఇంకా మంచిది.

పొంతి పిలాతు కాసుల దగ్గర మన క్రైస్తవ స్నేహితులు ఎక్కువసేపు ఆగుతారు. ఆగాలి కూడా. ఆయన అధికారి హోదాలో వేయించిన చిన్న కంచు కాసుల మీద రోమను పూజారుల గరిటె, వంకీ కర్ర ఉన్నాయి. తిబెరి కైసరు ఏలుబడిలో 16, 17, 18వ ఏళ్ళని గ్రీకు అంకెల్లో ఉంది. అంటే క్రీ.శ. 29 నుంచి 32 దాకా. సువార్తల్లో పేరున్న ఒక మనిషి ఆజ్ఞతో, ఆ సంఘటనల కాలంలోనే అచ్చయిన లోహం. ధర కూడా అందనంత కాదు.

ఇప్పుడు ఇంకొక్క యూదుల తిరుగుబాటు మీదుగా మన వైపు తిరుగుతాను. క్రీ.శ. 132లో బార్ కోఖ్బా నాయకత్వంలో యూదులు మళ్ళీ తిరగబడ్డారు. ఈసారి కొత్త వెండి పోగుచెయ్యలేదు. రోమను నాణేలనే తెచ్చి, చక్రవర్తి ముఖం మీద తమ అచ్చు కొట్టారు. కూలిపోయిన దేవాలయపు ముంగిలి, పర్ణశాలల పండుగలో పట్టుకునే ఖర్జూరపు మట్ట, దబ్బపండు. భూతద్దంలో చూస్తే కొన్నిటి మీద కొత్త బొమ్మ కింద చక్రవర్తి ముక్కూ గడ్డమూ ఇంకా తొంగిచూస్తుంటాయి. ఆ నాణేలు అసలైనవని చెప్పే సాక్ష్యాల్లో అదొకటి.

అదే శతాబ్దానికి కొంచెం అటూ ఇటూగా మన గౌతమీపుత్ర శాతకర్ణి చేసిందీ ఇదే. క్షహరాత రాజు నహపాణుణ్ణి ఓడించి, అతని వెండి నాణేల మీద తన చైత్యాన్నీ ఉజ్జయిని గుర్తునూ కొట్టించాడు. 1906లో నాసిక్ దగ్గర జోగల్తంబిలో ఒకే చోట 13 వేలకు పైగా నాణేలు బయటపడ్డాయి. వాటిలో ఇంచుమించు మూడింట రెండు వంతులు అలా మళ్ళీ కొట్టినవే. ఒకరినొకరు ఎరగని రెండు దేశాలు గెలుపును ఒకే పద్ధతిలో రాసుకున్నాయి. కానీ జోగల్తంబి సంగతి మనకు ఎలా తెలిసింది? ఆ రాశి మొత్తం ఒకే దగ్గర పరీక్షకు వచ్చింది గనక. అవి విడివిడిగా పదమూడు వేల బేరాలై చెల్లాచెదురైతే, నహపాణుడి పతనం మీద అంత గట్టి రుజువు మనకు మిగిలేది కాదు. ఎక్కడిది అన్న ప్రశ్నకు నేను అంత విలువ ఇవ్వడానికి కారణం ఇదే.

మన నేలలోనే ఇంకో ఉదాహరణ ఉంది. కైసరువి కైసరుకు ఇయ్యండి అన్నప్పుడు చూపించిన దేనారము తిబెరిదే అయ్యుండొచ్చని చాలామంది నమ్మకం. ఆ తిబెరి వెండి దేనారములు, అతని ముందటి అగస్టు దేనారములు తెలుగు నేలలో కుండలతో దొరికాయి. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో దొరికిన ఒక్క రాశిలోనే వెయ్యికి పైగా ఉన్నాయి. కొన్నిటి మీద కైసరు ముఖానికి అడ్డంగా ఉలితో గాటు పెట్టారు. ఎందుకు పెట్టారో పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. మా ఊరి చర్చిలో ఈ సంగతి చెప్పినప్పుడు ఒక పెద్దాయన లేచి, అంటే ఆ నాణెం మనవాళ్ళ చేతుల్లో కూడా ఆడిందా అని అడిగారు. ఆడింది. మిరియాలకీ మేలిమి బట్టలకీ బదులుగా వచ్చి, ఇక్కడ భూమిలో దాక్కుంది. యెరూషలేము కాసు కోసం సముద్రాలు దాటిన మనం మన నేలలోని ఆ దేనారమును చూడ్డానికి హైదరాబాదు మ్యూజియం మెట్లు ఎక్కామా అని అడగాలనిపిస్తుంది నాకు.

రాజమహేంద్రవరం నుంచి వేంగిని ఏలిన రాజరాజ నరేంద్రుడి బంగారు నాణెం చూసినవాళ్ళకు తెలుస్తుంది, పల్చటి రేకులాంటి పెద్ద బిళ్ళ, మధ్యలో చాళుక్యుల వరాహం, చుట్టూ అంచున ఒక్కో అక్షరం విడిగా కొట్టిన రాజు పేరు, ఏలుబడి సంవత్సరం. ఆయన పెదతండ్రి శక్తివర్మ, చాళుక్యచంద్రుడన్న బిరుదుతో ఇలాంటివే వేయించాడు. అవి మన దగ్గరకన్నా బర్మా తీరంలోని అరకాన్‌లోనూ, సయాములోనూ దొరికి పేరుకెక్కాయి. దొరికిన చోటు ఎవరో రాసిపెట్టారు గనక వేంగి బంగారం బంగాళాఖాతం దాటిందని మనకు తెలిసింది. ఆ ఒక్క ముక్క రాయకపోతే అవి తూకానికి బంగారమే.

అలా రాయకపోతే ఏం పోతుందో చూడండి. 2002లో ఇజ్రాయెల్‌లోని ఏలా లోయలో దొంగతవ్వకం చేసినవాళ్ళకు రోము మీద తొలి తిరుగుబాటు నాలుగో ఏటి పావు షెకెలు వెండి నాణెం దొరికింది. అది జోర్డాన్, ఇంగ్లండు మీదుగా అమెరికా చేరింది. 2017లో డెన్వర్‌లో వేలానికి సిద్ధమవుతుండగా అధికారులు పట్టుకున్నారు. 2022లో తిరిగి ఇజ్రాయెల్‌కి అప్పగించారు. దాని విలువ పది లక్షల డాలర్లన్నారు. నాణెం వెనక్కి వచ్చింది. అది ఏ ఇంట్లో, ఏ గుహలో, ఏ వస్తువుల మధ్య పడి ఉందన్నది మాత్రం తిరిగి రాలేదు. అందుకే అక్కడ కొనేవాళ్ళు లైసెన్సున్న దుకాణంలోనే కొనాలి, ఎగుమతి అనుమతి కాగితం అడిగి తీసుకోవాలి. 1978 నాటి వారి పురావస్తు చట్టం అది అడుగుతుంది. మన 1972 చట్టం కూడా వందేళ్ళు దాటిన నాణేన్ని పురావస్తువుగానే చూస్తుంది, దేశం దాటించనివ్వదు.

అత్తయ్య కాసుకి నేనొక కాగితం రాసి డబ్బీలో పెట్టాను. రాజు పేరు, బరువు, అడ్డం, ఏ వైపు ఏముంది, ఏ సంవత్సరం ఏ ఊళ్ళో ఎవరు కొన్నారు. దొరికిన చోటు అన్న గడి ఖాళీగా ఉండిపోయింది, ఎందుకంటే దుకాణంవాడికే తెలియదు.

మన కాసులకు ఆ గడి ఖాళీగా ఉండాల్సిన పని లేదు. శాతవాహనులు కోరమండల్ తీరానికి వేయించిన సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంటుంది. విష్ణుకుండినుల రాగి నాణేల మీద పంజా ఎత్తిన సింహం, వెనక దీపపు సెమ్మెల మధ్య కలశమో శంఖమో ఉంటాయి. చెరువు తవ్వుతున్నప్పుడు పొక్లెయిన్ కింద ఇలాంటిది పడితే, సీసం గనక వలకు గుళ్ళు పోసుకోవడం చాలా తేలిక. పాత ఇనుపసామాను బండికి వెయ్యడమూ తేలికే. దయచేసి ఆగండి. తోమొద్దు, విడదీయొద్దు, పంచుకోవద్దు. ఫోనుతో నేల కనబడేలా ఫొటో తీయండి. ఊరు, సర్వే నంబరు, ఎంత లోతు, పక్కన పెంకులున్నాయా, బూడిద ఉందా అని నాలుగు ముక్కలు అక్కడికక్కడే రాయండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలు దాటిన విలువైన దొరుకుడు కలెక్టరుకి చెప్పాలి, తహసీల్దారు ఆఫీసులో అడిగితే దారి చూపిస్తారు. రాజమహేంద్రవరంలో రాళ్ళబండి సుబ్బారావు పేరు మీదున్న మ్యూజియానికి కూడా కబురు చెయ్యండి. 1922లో అదే ఊళ్ళో ఆంధ్ర చారిత్రక పరిశోధక మండలి పెట్టినవాళ్ళల్లో ఆయన ఒకరు. ఇలాంటి ముక్కలు ఊరూరా ఏరి రాసుకోవడమే వాళ్ళ పని.